డ్రమ్ములో ఎల్లిగడ్డ వాసన

సోమవారం ఉదయం డ్రమ్ము మూత తీయగానే రిబ్కమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. బియ్యంలోంచి ఎల్లిగడ్డ వాసన గుప్పుమంది.

"పురుగు పట్టకుండ ఎవలో ఎల్లిగడ్డలేసిన్రు తియ్," అంది రామవ్వ, పంచాల్సిన సంచులు దులుపుతూ. "గంతదానికి మూతి ముడుసుడెందుకు?"

రిబ్కమ్మ డ్రమ్మును చర్చి వసారాలోంచి ఆరుబయటికి ఈడ్పించి, ముక్కుకు కొంగు చుట్టుకుని, రెండు చాటల బియ్యం చెరిగింది. ఒక్క ఎల్లిగడ్డ రెబ్బ కూడా దొరకలేదు. చాటలో బూడిదరంగు పొడి, పెసరగింజంత పలుకు మిగిలాయి.

ఆ వాసన ఆమెకు తెలుసు. ఆమె తండ్రి సీమోను హుజూరాబాద్‌లో బియ్యం గోదాములో హమాలీ. పురుగుకు మందుబిళ్ళలు పెట్టిన రోజు, స్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ పిల్లలను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "గా బిళ్ళ విషం గాలి ఇడుస్తది బిడ్డా. మూసిన ఇంట్ల పెడితే పండుకున్న మనిషి లేవడు," అనేవాడు.

పెళ్ళయి మందమర్రి వచ్చాక, భర్త క్షయతో ఆరు నెలలు మంచం పట్టాడు. అప్పుడామె ఒకటి గమనించింది. ఖాళీ కడుపున ఆ మందులు పడవు. పడకపోతే మనిషి మానేస్తాడు. మానేస్తే జబ్బు ముదురుతుంది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవునికని ఒక పిడికెడు పక్కన పెట్టడం చర్చి ఆడవాళ్ళ పాత అలవాటు. ఆదివారం డబ్బాల్లో తెచ్చి చర్చి డ్రమ్ములో పోసే ఆ పిడికెళ్ళను ఆమె క్షయ రోగుల ఇళ్ళకు మళ్ళించింది. ఇప్పుడు ఇరవైమూడు మంది ఆ బియ్యం మీదే ఆధారపడ్డారు. బొగ్గుగని పనివాళ్ళు రిటైరై వెళ్ళిపోతూ కాలనీ ఖాళీ అవుతుంటే, వాళ్ళూ వీళ్ళూ అనకుండా హిందువుల గడపలూ తొక్కి, బియ్యం ఇచ్చే ఎనభై నాలుగు ఇళ్ళను నిలబెట్టుకుంది. ఎవరు ఎంత ఇచ్చారో తెలిస్తే లేనివాళ్ళు సిగ్గుపడతారని, డబ్బాల మీద పేర్లు రాయొద్దని నియమం పెట్టిందీ ఆమే.

ఇప్పుడా నియమమే మెడకు చుట్టుకుంది. ఆ ఎనభై నాలుగిళ్ళలో ఏదో ఒక ఇంట్లో, బియ్యం డబ్బాలో, ఆ బిళ్ళ ఉంది.

సంగతి విన్న పాస్టర్ బెంజమిన్ తల పట్టుకున్నాడు. "నలుగుట్ల చెప్తే సంఘం మునిగినట్టే రిబ్కమ్మా. ఇచ్చేటోళ్ళు ఇయ్యరు, తినేటోళ్ళు తినరు. సప్పుడు జేయకుండ ఇంటింటికి తిరిగి అడుగుదాం."

"గన్ని ఇండ్లు తిరిగేసరికి పొద్దుగూకుతది అయ్యగారూ. గప్పటిదాక ఎవలింట్ల ఏమైతదో!"

ఆమె పోయి గంట తాడు పట్టుకుంది. ఆదివారం కాని రోజు చర్చి గంట మోగిందంటే ఎవరో పోయినట్టే లెక్క. పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి కాలనీ అంతా ఉరికొచ్చింది.

"ఎవలు? ఎవలు పోయిన్రు?"

"ఇంక ఎవలు పోలే. పోవద్దనే కొట్టిన," అని రిబ్కమ్మ అసలు సంగతి చెప్పింది.

గని కార్మికుడు ముత్యం గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. "అంటే? మేం విషం కలిపి ఇచ్చినమా? ధర్మం జేస్తే దొంగలను జేస్తున్నవా?"

"తప్పు నాది ముత్యం. జల్లెడ పట్టకుండ డ్రమ్ముల పోసిన. ఎవలని అడుగుతలేను. ముందుగాల ఇండ్లకు ఉరుకుండ్రి. తలుపులు, కిటికీలు తెరువుండ్రి. ఎల్లిగడ్డ వాసనొస్తే డబ్బా ముట్టకుండ్రి, పిల్లలను ఎత్తుకొని బయటికి రాండ్రి."

గొణుక్కుంటూ, తిట్టుకుంటూ జనం కదిలారు. పావుగంట గడిచింది.  అంతలో మూడో వీధిలోంచి వినోద పరుగెత్తుకొచ్చింది. భుజం మీద రెండేళ్ళ కూతురు మెడ వాల్చేసి ఉంది.

"అక్కా! మా అన్న ఖానాపూర్ నుంచి బియ్యం తెచ్చిండు. పురుగు రాదని గుడ్డల కట్టి బిళ్ళేసిండట. రాత్రి సంది పోరి కక్కుతుంది. ఎండదెబ్బ అనుకున్న..."

"గిదా నీ దానం?" అన్నాడు ముత్యం.

"నోరు మూసుకొని ఆటో పట్కరాపో!" రామవ్వ అతని మీద విరుచుకుపడింది.

ఏ బిళ్ళో డాక్టరుకు చెప్పడానికి రిబ్కమ్మ కూడా ఆటో ఎక్కింది. బుధవారం దాకా ఆస్పత్రి వదల్లేదు. ఆ రోజు పాప లేచి పాలు అడిగింది.

డ్రమ్ములోని బియ్యాన్ని ఊరవతల లోతుగా పూడ్చిపెట్టారు. తర్వాతి ఆదివారం ముప్ఫైతొమ్మిది డబ్బాలే వచ్చాయి. ముత్యం ఇంటిది రాలేదు. అందరి ముందూ ఒక్కో డబ్బా జల్లెడ పట్టి, ఉన్న కాస్తా ఇరవైమూడు సంచుల్లో పోశారు. వాటిలో తొమ్మిది సంచులు తిరిగొచ్చాయి.

తిరిగొచ్చిన సంచి పట్టుకుని రిబ్కమ్మ ముందుగా కొమురెల్లి ఇంటికి పోయింది. ఒంటరి మనిషి. మందులు మొదలై నాలుగు నెలలైంది.

"నాకొద్దు బిడ్డా. జబ్బుకెట్లనో మందు మింగుతున్న. బువ్వల గూడ మందెందుకు?" అన్నాడు.

"గోలీలు ఏసుకుంటున్నవా కాకా?"

"ఖాళీ కడుపుల ఎట్లేసుకుంట? ఇడిసిపెట్టి రెండు దినాలాయె."

ఆమె పొయ్యి అంటించి, ఆ సంచిలోని బియ్యమే వండింది. ఉప్పూ కారం కలుపుకుని అతనికి ఎదురుగా కూర్చుని తింది. అతను ప్రతి ముద్దనూ, ఆమె గొంతునూ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు తింటవా?"

"గంత తొందరేంది? రేపు పొద్దుగాల నువ్వు లేస్తే తింట."

మరునాడు మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే రిబ్కమ్మ అతని తలుపు కొట్టింది. కొమురెల్లి ఆమెను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. లోపలికి పోయి, గోలీల పట్టీ, కడిగిన గిన్నె తెచ్చి గడప మీద పెట్టాడు.