ఆవిడ ఎందుకు అడగదండీ?

రావులపాలెం దాటేటప్పుడు నేను తప్పకుండా కారు అద్దం దించుతాను. మగ్గుతున్న అరటిగెలల వాసన లోపలికి రావాలి. మా వారికి ఆ సంగతి తెలుసు, అడగకుండానే ఏసీ కట్టేస్తారు. ఆ వాసన తగలగానే నాకు రాజుగారు గుర్తొస్తారు. పగలు అరటి మండీలో కమీషన్ వ్యాపారం, సాయంత్రం ఆ మండీ వెనక గోడౌన్‌లో నాటకాల రిహార్సలు. వేలంపాటకీ నాటకానికీ ఆయనది ఒకటే గొంతు. నాకు నటన నేర్పింది ఆయనే. నా సంసారం నిలబెట్టింది కూడా ఆయనే అంటే మీరు నవ్వుతారేమో గానీ, అది నిజం.

అప్పటికి నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, పెళ్ళై ఏడాది కూడా కాలేదు. తణుకులో జరిగే పోటీల కోసం రాజుగారు అసూయ మీద పాత విషాద నాటకం ఒకటి ఎత్తుకున్నారు. యుద్ధాలు గెలిచిన దళపతి, అతన్ని కోరి చేసుకున్న భార్య, పక్కనే ఉండి చెవిలో విషం పోసే స్నేహితుడు. భార్య దంతపు దువ్వెన మాయమై పరాయివాడి గదిలో తేలుతుంది. దళపతి ఆమెను చంపి, నిజం తెలిశాక తానూ చస్తాడు. భార్య వేషం నాది, దళపతి ప్రసాద్. స్నేహితుడి వేషం మా అందరిలోకీ నెమ్మదస్తుడు, హార్మోనియం వాయించే మూర్తిగారికి ఇచ్చారు. మూర్తిగారు మొదటిరోజే బుర్రమీసం అంటించుకుని, కనుబొమలు ఎగరేసి, వికటంగా నవ్వుతూ ప్రవేశించారు. రాజుగారు వేలం ఆపినట్టు చెయ్యెత్తారు.

“ఆ మీసం పీకెయ్యండి మూర్తిగారూ. అంత మొహం పెట్టుకుని చెబితే ఎవడు నమ్ముతాడండి? రోజూ మా అందరికీ టీ పోసి ఇస్తారు చూడండి, అలా చెప్పాలి. ‘మీ మంచి కోరి చెబుతున్నానండి’ అనేవాడే ఈడు.”

మూర్తిగారు మీసం తీసేసి అదే మాట మెత్తగా అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.

నా పాత్ర మీద మాత్రం నాకు ఒళ్ళు మండేది. మొగుడు మొహం మాడ్చుకుని తిరుగుతుంటే ఈవిడ కన్నీళ్ళు పెట్టుకుంటుంది, దేవుడికి దండం పెట్టుకుంటుంది, అడగవలసింది మాత్రం అడగదు. ఒక సాయంత్రం ఇక పట్టలేక, నాటకంలో లేని మాట అనేశాను. “అసలు మీకు ఎవరు చెప్పారండీ?” ప్రసాద్ నోరెళ్ళబెట్టాడు. రాజుగారు కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు.

“అయిపోయింది! నాటకం అరగంటలో అయిపోయింది. ఇంక జనం భోజనాలకి లేవచ్చు.” కండువాతో కళ్ళు తుడుచుకుని, “స్టేజీ మీద అడక్కమ్మా, మన కొంప మునుగుద్ది. ఇంట్లో మాత్రం అడగడం మానకు” అన్నారు.

పోటీలు దగ్గర పడ్డాయి. ఆఫీసులో పని పెరిగి మా వారు, రిహార్సలు అయ్యే వేళకు నన్ను తీసుకెళ్ళడానికి రావడం మానేశారు. కొన్నాళ్ళకు మాటలు కూడా తగ్గించేశారు. ఒకరోజు భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ, “ఆ నాటకం మానెయ్” అన్నారు. కారణం చెప్పలేదు. మానేస్తే ఏదో తప్పు ఒప్పుకున్నట్టు, మానకపోతే ఇల్లు నిలవదు. ఏడుపు గొంతుదాకా వచ్చింది. నేనూ అచ్చం ఆవిడలాగే ఏడవబోతున్నానని అప్పుడు తట్టింది.

“మీకు ఎవరు చెప్పారండీ?” అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. “ఏంటి చెప్పేది?”

“అదే అడుగుతున్నాను. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు?”

చివరికి బయటపడింది. నేను రోజూ ప్రసాద్ బండి మీద ఇంటికొస్తున్నానని ఆఫీసులో స్నేహితుడు చెప్పాడట. “నా మంచి కోరి చెప్పాడు” అన్నారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మూర్తిగారి డైలాగు! మా వారు రావడం మానేసిన దగ్గర్నుంచి నన్ను రోజూ కారులో దింపుతున్నది రాజుగారి భార్య. నా మాట నమ్మక్కర్లేదు, మీరే వచ్చి చూసుకోండి అని మర్నాడు ఆయన్ని గోడౌన్‌కి తీసుకెళ్ళాను.

నేను రాజుగారికి ఏమీ చెప్పలేదు. మా వారి మొహం చూసే గ్రహించి ఉంటారు. “రండి బాబూ, తెర లాగే మనిషి లేక చస్తున్నాం” అంటూ తాడు ఆయన చేతిలో పెట్టేశారు. ఆ రోజు నుంచి ప్రతి రిహార్సలూ ఆయన ముందే జరిగింది. కారు ఎక్కించుకుందామని వచ్చిన రాజుగారి భార్యతో, “ఇక నేనున్నానండి” అని ఆయనే చెప్పారు.

మా వైపు చావు పద్యం బాగా పాడితే జనం వన్స్‌మోర్ అంటారు. చచ్చినవాళ్ళు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తారు. అది మర్యాద. రాజుగారు ముందే హెచ్చరించారు. “ఎవరెంత అరిచినా లేవకు. నువ్వు లేస్తే ఆడు చేసిన పాపం తీరిపోద్ది.” తణుకులో నా పద్యానికి హాలంతా వన్స్‌మోర్ అని అరిచింది. దోమలు పీకుతున్నా నేను కదల్లేదు. ప్రసాద్ కూడా నిజం తెలుసుకుని కూలిపోయాడు. తెర పడాలి, పడలేదు. సగం కన్ను తెరిచి పక్కకు చూశాను. మా వారు తాడు రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నారు. రాజుగారు పక్కనే ఉండి కూడా ఆ తాడు అందుకోలేదు. అరుపులు సద్దుమణిగి హాలు మూగబోయాక, ఎప్పటికో తెర పడింది. ఆ చివరి నిశ్శబ్దం దర్శకుడి ప్రతిభ అని జడ్జీలు తెగ మెచ్చుకున్నారు. రాజుగారు కాదనలేదు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ బృందాన్ని నేను నడుపుతున్నాను, తెర తాడు ఇప్పటికీ మా వారిదే. ఆ నాటకమే మళ్ళీ ఎత్తుకున్నాం. మొన్న భార్య వేషం వేస్తున్న కొత్త అమ్మాయి రిహార్సలు మధ్యలో ఆగిపోయి, “ఈవిడ ఎందుకు అడగదండీ మేడమ్?” అంది విసుగ్గా. రాజుగారి జవాబు చెప్పబోతూ గొంతు సవరించుకున్నాను. ఈలోగా తాడు దగ్గర నుంచి మా వారి గొంతు వినిపించింది.

“ఆవిడ కాదమ్మా. అడగాల్సింది ఆయన. నాకు తెలుసు.”

నా జవాబు మింగేశాను. ఆ మాట వినడానికి రాజుగారు ఉండాల్సింది.