లైల్ నింపిన తూటాలు

భర్త పోయాక వర్నా టోలెఫ్సన్ ఆయన ఖాళీ తొడుగుల్లో తుపాకీమందు పోసి తూటాలు నింపే బల్లను అమ్మలేదు. తనే ఆ పని అందుకుంది. మోంటానాలోని ఆ చిన్న ఊళ్ళో పాత పిస్తోళ్ళున్నవాళ్ళంతా ఆమె దగ్గరికే వచ్చేవారు. కొట్లో దొరికే తూటాల జోరు ఆ ముసలి ఇనుముకు పడదు. ఏ పిస్తోలు ఎంత మందు తట్టుకుంటుందో చూసి, అంతకన్నా తక్కువే పోసేది.

జింకల వేట ముగుస్తుండగా పొరుగు పశువుల ఫారం నుంచి ఓరిన్ హాగెన్ వచ్చాడు. తమ్ముడు లైల్‌ను ఖననం చేసి వారం కాలేదు. తాతగారి పిస్తోలు, లైల్ నింపి దాచిన తూటాలు బల్లమీద పెట్టాడు. ఆదివారం వాగు గట్టున తమ్ముడి పేరున వాటిని పేలుస్తానని, ఒకసారి పిస్తోలు చూసిపెట్టమని అడిగాడు.

స్ప్రింగు మెత్తబడింది. చట్రం పల్చన. ఒక తూటా విప్పి మందు తూచగానే వర్నాకు అర్థమైంది, లైల్ వాటిని తన కొత్త తుపాకీ కోసం ఎక్కువ మందుతో నింపుకున్నాడు.

"ఇవి దీన్లో పెట్టకు ఓరిన్. చట్రం పగిలి మొహం మీదకొస్తుంది."

"వాడి చేత్తో చేసినవి."

"గుండూ, తొడుగూ వాడివే ఉంటాయి. మందొక్కటే మారుస్తా."

"అప్పుడింక వాడివెలా అవుతాయి?"

అన్నీ మూటగట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండ్రోజులు ఆమెకు ఏ పనీ తోచలేదు. శనివారం పొద్దున్నే తన త్రాసు, మందు డబ్బా, గుండు ఊడదీసే సుత్తి, తిరిగి బిగించే పనిముట్టు పట్టుకుని అతని వంటింట్లోకి నడిచింది. సుత్తి అతని చేతికే ఇచ్చింది.

"విప్పేది నువ్వే. నేను పోసిస్తా, బిగించేది కూడా నువ్వే."

ఓరిన్ సుత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కాఫీ కప్పు పక్కకు జరిపి మొదటి తూటా అందుకున్నాడు. తూటాల్లోంచి రాలిన మందును ఒక్క పలుకు కూడా వదలకుండా రుమాలులోకి ఎత్తి, తమ్ముడు నాటిన ఆపిల్ చెట్టు మొదట్లో పోసి వచ్చాడు.

ఆదివారం మంచు పడింది. ఇద్దరూ వాగు గట్టుకు వెళ్ళారు. మొదటి తూటా చప్పుడు వాగు దాటలేదు.

"మరీ మెత్తగా ఉంది," అన్నాడు ఓరిన్. "వాడికి చప్పుడంటేనే ఇష్టం."

పిస్తోలు మాత్రం అతని పిడికిట్లో నిలకడగా ఉంది. మిగతావి ఒక్కొక్కటే, ఆగి ఆగి పేల్చాడు. తర్వాత ఇద్దరూ మోకాళ్ళమీద కూర్చుని మంచులో ఖాళీ తొడుగులు ఏరారు. ఒకటి దొరకలేదు. మంచు కరిగాక చూద్దాంలే అంటూ ఓరినే ముందు లేచి, ఆమెకు చెయ్యందించాడు.