అత్తగారి చేతుల మీద పడిన నింద

మా అబ్బాయి ఛాతీ మధ్యలో గుంట ఉందని తెలిసిన రోజున నేను చెప్పాల్సిన మాట ఒకటే: "నాకూ ఉంది." చెప్పలేదు.

అప్పటికే నా గుంటకు ఒక కథ కట్టి ఉన్నాను. పెళ్లైన కొత్తలో మా ఆవిడ అడిగితే, చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలిందన్నాను. పుట్టుకతో వచ్చిందని చెప్పడానికి చిన్నతనంగా అనిపించింది. పెళ్లిపీటల మీద కూడా కండువాను మూడు పిన్నీసులతో బిగించుకుని కూర్చున్నవాణ్ని.

అబ్బాయికి పన్నెండేళ్లప్పుడు అమీర్‌పేటలో ఈతకు చేర్పిస్తే, చొక్కా విప్పనన్నాడు. ఇంటికొచ్చాక బతిమాలి విప్పించాం. పసితనంలో ఉందా లేదా అన్నట్టున్న సొట్ట, వాడు పొడవు సాగేసరికి గిన్నె పట్టేంత పల్లమైంది.

మాతోనే ఉండే మా అత్తగారు అది చూసి కూలబడ్డారు. పురిట్లో వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి స్నానం పోసింది ఆవిడే. తల గుండ్రంగా రావాలని, ముక్కు నిలబడాలని ఒత్తిన చేతులవి.

"ఛాతీ కూడా నేనే నొక్కేశానేమో బాబూ!"

"పోనీలెండి అత్తయ్యగారూ, కావాలని చేశారా," అన్నాను. పెద్ద మనసుతో క్షమించేశాను కూడా!

పంజాగుట్టలో డాక్టరు గారు పరీక్షలు చేయించారు. పక్కటెముకల్ని రొమ్ము ఎముకతో కలిపే మెత్తటి ఎముక తీరు తప్పి పెరిగి, దాన్ని లోపలికి తోస్తోందట. గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు. గాలి లాగి ఎముకను పైకెత్తే రబ్బరు గిన్నె రోజూ ఛాతీకి పెట్టుకోవాలి, వ్యాయామాలు చేయాలి.

"ఇది వంశంల వస్తుంటది. ఇంట్ల ఇంకెవరికన్నా ఉన్నదా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను. మా ఆవిడా తలూపింది. బంతి దెబ్బ లెక్కలోకి రాదుగా.

ఇంటికొచ్చాక నా జవాబు సంగతి విని అత్తగారు తీర్పు రాసేసుకున్నారు. వంశంలో లేదు కాబట్టి తప్పు తన చేతులదే. ఎర్రమంజిల్‌లో మా మరదలికి పాప పుడితే వెళ్లారు గానీ, బిడ్డను తాకలేదు. దూరంగా కుర్చీ వేసుకుని, ట్రాఫిక్ పోలీసులా చేతులూపుతూ స్నానం పోయించారట.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడా మాతో వచ్చారు.

"తప్పు నాదే, రాసుకోండి డాక్టర్ గారూ."

"స్నానంతోని ఇది రాదమ్మా. మీరేం ఫికర్ చెయ్యకండి."

"మరి వంశంలో ఎవరికీ లేదంటున్నారు కదండీ!"

అప్పుడు నేను గుండీలు విప్పి, బనియన్ పైకెత్తాను.

డాక్టరు గారు కళ్లజోడు సవరించుకుని, "మీది ఇంకా లోతున్నది కదా సార్!" అన్నారు.

"డాడీ, నీకు సుత ఉన్నదా? నాకంటే మస్తు పెద్దగుంది!" అని మా వాడు పగలబడి నవ్వాడు.

"క్రికెట్ బంతన్నారు?" అంది మా ఆవిడ.

ఆ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. నేను మాత్రం ముందు అత్తగారి చేతులు రెండూ పట్టుకున్నాను.

"అత్తయ్యగారూ, ఇది మీ చేతుల వల్ల కాదు, నా వల్ల వచ్చింది. తెలిసీ నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి. రేపు వెళ్లి పాపకు మీరే స్నానం పొయ్యండి."