ఫ్యూజు తీసిన పూట

ఇంటర్‌లో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నానని చెబితే మా ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కరెంటు చదువు అంటే మాత్రం వెంటనే అర్థమయ్యేది. మాది ఎల్లారెడ్డి పక్క పల్లె. కాలేజీ కామారెడ్డిలో, హాస్టల్‌లో ఉండి చదివేదాన్ని. సెలవులకు ఇంటికి వస్తే చాలు, పలకని రిమోట్లు, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీలు పట్టుకొని జనం తయారయ్యేవారు. నాకింకా రెసిస్టర్ మీది రంగు గీతలు చదవడం తప్ప ఏమీ రాదు మొర్రో అన్నా నమ్మేవారు కాదు. ఆడపిల్లకు ఈ చదువెందుకని వెనక అన్నవాళ్ళే అందరికంటే ముందు వచ్చేవారు. ఆ సంగతి వాళ్ళ ముఖం మీదే అడిగి అమ్మతో తిట్లు తినేదాన్ని.

మా సారు మొదటి పాఠం పుస్తకం తెరవకుండానే చెప్పాడు. ఒక పెద్ద కెపాసిటర్‌ను సప్లయికి తగిలించి, తీసేసి, తీగలు గాలిలో ఊపి చూపించాడు. ఇప్పుడు ఇందులో కరెంటు ఉందా అని అడిగితే లేదన్నాం అందరం. స్క్రూడ్రైవర్ మొన దాని రెండు కాళ్ళకూ ఆనించాడు. టపాసు పేలినట్టు పేలింది. స్విచ్చు ఆర్పామని ఎవరు చెప్పినా నమ్మొద్దు, టెస్టర్ పెట్టి చూసుకునేదాకా తీగను ముట్టొద్దు అన్నాడు. క్లాసంతా నవ్వులు. నాకు మాత్రం మా బాపు గుర్తొచ్చాడు.

పోచారం కాలువ నీళ్ళు మా మడుల దాకా రావు. బోరే దిక్కు. బోరు దగ్గర ఏం పాడైనా బాపు మెకానిక్ కోసం చూడడు, తానే విప్పుతాడు, తానే అతుకుతాడు. ఒకప్పుడు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. తీగ ముట్టాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి వెళ్ళి, మూడు తీగల ఫ్యూజులూ పీకి, వాటిని అంగీ జేబులో వేసుకొని వచ్చేవాడు. మా వైపు రైతులంతా అలాగే చేసేవారు. ఫ్యూజులు జేబులో ఉన్నంతసేపు ఎవరూ కరెంటు ఇవ్వలేరని ధైర్యం. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే తక్కినవాళ్ళ మోటార్లు ఆగితే ఎవరో పని చేసుకుంటున్నారులే అని ఊరుకునేవారు.

ఫోన్ స్టార్టర్ వచ్చి ఆ పద్ధతిని మింగేసింది. గల్ఫ్‌లో పనిచేసే మా అన్న సెలవుకు వచ్చినప్పుడు కొని బిగించాడు. ఇంట్లో కూర్చొని ఫోన్‌లో ఒక అంకె నొక్కితే చేనులో మోటారు నడుస్తుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. ఆగగానే ఒక ఆడగొంతు, మోటారు ఆఫ్ అయినదని మర్యాదగా చెబుతుంది. కన్నకూతురు చెబితే వినని మనిషికి ఆ గొంతంటే మహా గురి. అది చెప్పిందే తడవు తీగల్లో చేతులు పెట్టేవాడు. బోరు దగ్గర ఉండాల్సిన ఫ్యూజులు ఎప్పుడో కాలిపోతే తీగలు నేరుగా కలిపేశారు. అవి మార్పిద్దామంటే పంట అయినంక చూద్దామన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పొమ్మంటే నవ్వేవాడు.

"బందయిందని అదే జెప్తున్నది గదా బిడ్డా. నీకేంది రంది?"

ఆ చెయ్యి ఏదో ఒకరోజు తీగకు అతుక్కుపోతుందనే నా రంది, నా భయం. బాపు ఫోన్‌లో చేను కాడ ఉన్నానని అన్నాడంటే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు.

రెండో ఏడాది చదువులో భాగంగా కొన్నాళ్ళు కామారెడ్డిలోనే ఒక స్టార్టర్ల రిపేరు దుకాణంలో పని నేర్చుకున్నాను. ఒకరోజు లింగంపేట వైపు నుంచి ఒకాయన తువ్వాలలో చుట్టిన స్టార్టర్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. తొందరేం లేదని, అందులో వాళ్ళ అన్న నంబరు తీసేసి తన నంబరు ఎక్కించమని అన్నాడు. ఎందుకని అడిగాను, అడగకపోయినా బాగుండేది. వాళ్ళ అన్న బోరు దగ్గర కేబుల్ అతుకు వేస్తూ కరెంటు పట్టుకొని చనిపోయాడట.

"బందయిందని ఫోన్ల చెప్పింది. మోటర్ గూడ ఆగింది. నేను పక్కకే ఉన్న, నేను గూడ ఇన్న" అన్నాడు.

డబ్బా విప్పి చూశాను. మూడు తీగల కరెంటునూ తెంపడానికి లోపల మూడు జతల బిళ్ళలుంటాయి. రెండు జతలు విడిపోయి ఉన్నాయి. మూడోది కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయింది. ఒక్క తీగతో మోటారు తిరగదు కాబట్టి ఆగింది. కానీ ఆ ఒక్క తీగలో బోరు దాకా కరెంటు ఉండనే ఉంది. ఆ ఆడగొంతుకు తాను ఆర్పమన్న సంగతే తెలుసు, ఆరిందో లేదో తెలియదు. దుకాణం ఆయన ఒక చూపు చూసి, గిట్ల అయితది అప్పుడప్పుడు, మార్చెయ్ అన్నాడు.

ఆ వారమే ఇంటికి పోయి బాపుకు అంతా చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయనకు పిల్లలున్నరా అని మాత్రం అడిగాడు. తర్వాత కేబుల్ పాడైన రోజు ట్రాన్స్‌ఫార్మర్ వైపు నడిచాడు. గెలిచాననుకున్నాను.

గెలవలేదు. బాపు పాత పద్ధతికి వచ్చాడు గానీ మిగతావాళ్ళు రాలేదు. కరెంటు పోతే వాళ్ళ స్టార్టర్ల నుంచి వాళ్ళ ఫోన్లకు కబురు పోతుంది. వచ్చి చూస్తారు, ఫ్యూజులు ఉండవు. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని ఇప్పుడు ఎవరూ అడగరు. ఊడి ఎక్కడో పడిపోయాయనుకొని ఆ సందుల్లో తీగ ముక్కలు ఇరికించి పోతారు. ఒకసారి అలాగే పెట్టారు. ముట్టబోయే ముందు టెస్టర్ పెట్టి చూశాడు కాబట్టి బాపు బతికాడు. టెస్టర్ వెలిగిందట. తీగలో చెయ్యి పెట్టాక ఎవరైనా వచ్చి ఇరికిస్తే మాత్రం టెస్టర్ ఏం కాపాడుతుంది?

అప్పుడు అమ్మ ఒక నిర్ణయం తీసుకుంది. బాపు తీగ ముట్టే రోజు అమ్మ బీడీల చాట పట్టుకొని పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గట్టు మీద కూర్చునేది. బీడీలు చుట్టేది ఇంట్లోనైతే ఏంది, అక్కడైతే ఏంది అనేది. బాపు వచ్చి ఫ్యూజులు పెట్టేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.

"ఇయ్యాల ఒకాయన వైరు ముక్కలు వట్టుకొని వచ్చిండు. నేను అడ్డం నిలవడ్డ. నేను లేకుంటె మీ బాపు లేడు బిడ్డా" అంది, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా.

పని అయిపోయిందా అని అడిగాను. కాలేదు, రేపూ ఉంటది అంది. మరి రేపు కూర్చుంటావా అంటే, రేపు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి, పోకపోతే వచ్చే వారానికి ఆకు ఇవ్వరు అంది. బాపుకు ఫోన్ ఇమ్మని, ఒక్కరోజు ఆగమని బతిమాలాను. మడి నెర్రెలు బారుతున్నది, ఎట్ల ఆగుత అన్నాడు. ప్రాక్టికల్ సంగతి ఇద్దరికీ చెప్పలేదు. అది తప్పితే మళ్ళీ ఏడాది దాకా లేదని సారు వారం నుంచి చెబుతూనే ఉన్నాడు.

పొద్దున హాస్టల్‌లో పిల్లలు రికార్డులు సర్దుకుంటుంటే నేను బస్టాండుకు నడిచాను. ఎల్లారెడ్డి బస్సు ఊరూరా ఆగుతూ పోయింది. లింగంపేట దాటాక బాపుకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఆ తర్వాత కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తులేదు. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా పొలాల్లోకి పరుగెత్తాను. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజులు లేవు. ఆ సందుల్లో తీగ ముక్కలు కూడా లేవు. దూరంగా బోరు దగ్గర బాపు వంగి ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. గట్టు మీద కూలబడి ఏడ్చాను.

కామారెడ్డిలో ప్రాక్టికల్ మొదలయ్యే వేళకు నేను ఆ గట్టు మీదే ఉన్నాను. చాలాసేపటికి బాపు నడుం పట్టుకొని లేచి, ఇటు తిరిగి, నన్ను చూశాడు.

"కాలేజి లేదా బిడ్డా ఇయ్యాల?" అని అక్కడి నుంచే గట్టిగా అడిగాడు.

సెలవని చెప్పాను.