కార్డులో చివరి అంశం

శశిభూషణ్‌కి విసుగొచ్చేసింది. పుస్తకాల మీద కాదు, పుస్తకావిష్కరణ సభల మీద. రాజమండ్రిలో రెండు గదుల్లో ప్రచురణ సంస్థ పెట్టుకుని, గోదావరికి ఇటూ అటూ కథ రాసే ప్రతి మనిషినీ వెతికి పట్టుకుని పుస్తకాలు వేస్తూ ఇరవయ్యేళ్ళు గడిపాడు. ప్రూఫులు దిద్ది కళ్ళు పోయాయి, కట్టలు మోసి నడుం పోయింది. అదేం పెద్ద బాధ కాదు. సభ దగ్గర పడితే మాత్రం ఒళ్ళు వెచ్చబడేది. ఇదే ఆఖరి పుస్తకమని ఈసారి భార్య కౌముదికి గట్టిగానే చెప్పాడు. ఆవిడ "అలాగేలెండి" అని కాఫీ ఇచ్చింది. పోయినసారీ అలాగే ఇచ్చింది.

ఆ ఆఖరి పుస్తకం సాయిదుర్గ కథలు. అంతర్వేది దగ్గర చేపలు పట్టుకుని బతికే ఇంటి పిల్ల, ఇప్పుడు ఆ ఊళ్ళోనే టీచరు. తల్లి అచ్చాయమ్మ నెత్తిన తట్టతో ఊరూరా తిరిగి చేపలమ్మి చదివించింది. ఆవిడకి చదువు రాదు. తన మీద కూతురు రాసిన కథని సభలోనే వింటానని పట్టుబట్టి, ఇంట్లో చదవనివ్వలేదు.

"పదిమందిలో వినాలండి, ఆయ్," అంది హాలు గుమ్మంలోనే. ఏడున్నరకి వెళ్ళే రాజోలు బస్సు తప్పితే వాళ్ళు ఆ పూట ఊరు చేరలేరు.

ముఖ్య అతిథి సుబ్రహ్మణ్యం గారు, రిటైర్డ్ ప్రిన్సిపాల్, గంట ఆలస్యంగా వచ్చారు. శాలువా కప్పించుకుని మైకు అందుకున్నారు. ఇక దాన్ని వారి చేతిలోంచి తీసుకోవడం ఎవరి తరం? గోదావరి పుట్టుక దగ్గర మొదలుపెట్టారు. ఏ పుస్తకానికైనా అక్కడే మొదలుపెడతారు. నది ధవళేశ్వరం చేరేసరికి సగం హాలు ఆవులిస్తుంది.

ఆహ్వానం కార్డులో రచయిత్రి స్పందన అట్టడుగున ఉంది. అలా వేయించింది శశిభూషణే. అతిథులు ముందు, రాసినవాళ్ళు చివర. అది సభా మర్యాద, మార్చాలని ఇన్నేళ్ళూ తోచనే లేదు. ఇప్పుడు తనని తాను తిట్టుకుని ఏం లాభం? ఒక చీటీ రాసి పంపాడు. ఆయన చదువుకుని, "సమయం లేదంటున్నారు. అయినా ఒక్క మాట చెప్పి ముగిస్తాను," అన్నారు. ఆ ఒక్క మాటా ముగియలేదు. రెండో చీటీతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

అచ్చాయమ్మ మాత్రం ముందు వరసలో నిటారుగా కూర్చుని, ఒక్క మాట జారిపోకుండా వింటోంది.

ఏడు దాటింది. సాయిదుర్గ వేదిక దిగి వచ్చి, "మేం వెళ్ళాలండి," అంది మెల్లిగా. ఆ పిల్ల మొహం చూసి శశిభూషణ్‌కి సిగ్గేసింది. వెతికి పట్టుకొచ్చింది ఇలా కూర్చోబెట్టడానికా? వందన సమర్పణ తనే చెయ్యాలని తెలిసీ వాళ్ళతోపాటు ఆటో ఎక్కేశాడు.

బస్టాండులో బస్సు ఇంకా కదల్లేదు. "ఇక్కడే చదవమ్మా," అన్నాడు.

సాయిదుర్గ చదివింది. కిటికీలోంచి సీటు మీదకి తువ్వాలు విసిరిన ఒకాయన కూడా ఆగి విన్నాడు. వానలో తడుస్తూ, చేపల తట్టతో, స్కూలు గేటు బయట నిలబడిపోయిన తల్లి కథ అది. లోపలికి వస్తే ఆ వాసనకి కూతురు పదిమందిలో చిన్నబోతుందని ఆ తల్లి భయం. కూతురు కిటికీలోంచి చూస్తూనే ఉంది.

అచ్చాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "చూశావటే నన్ను ఆవేళ?"

"చూశానమ్మా."

ఆవిడ శశిభూషణ్ వైపు తిరిగింది. "చాలా బాగుందండి. మరి ఇందాక ఆ పెద్దాయన చెప్పిందంతా ఎవరి కథండీ?"

ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అతని జేబులో ఫోను మోగుతోంది, వందన సమర్పణకి పిలుస్తున్నారు. తియ్యలేదు.

బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని పక్కనే నడిచాడు. "వచ్చే పుస్తకానికి మీ ఊళ్ళోనే సభ పెడదామండి. ముందు మీ అమ్మాయే మాట్లాడుతుంది," అన్నాడు.

బస్సు మలుపు తిరిగాక గానీ, కౌముదికి ఏం చెప్పి వచ్చాడో గుర్తురాలేదు. నడుం పట్టుకుని అక్కడి బెంచీ మీద కూలబడ్డాడు.