తాళాలకూ సోములుకూ మధ్య పీట

తన వంతు పాట అయిపోగానే సోములు తాళాలను పీట మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. తరువాతి మనిషి వచ్చి పీట మీద నుంచి తీసుకునేవాడు. చీపురుపల్లిలోని ఆ భజన మందిరంలో మిగతావాళ్లంతా తాళాలు చేతి నుంచి చేతికే అందుకునేవారు. పీట సోములు ఒక్కడికే. అతను దళితుడు. ఎవరైనా అడిగితే, "దేముడి తాళాలు కదా బాబూ, దేని మీద ఎట్టినా మోగుతాయి" అని నవ్వేసేవాడు.

అసలు ఆ భజన పెట్టిందే సోములు. అతను స్టేషన్ దగ్గర బస్తాలు మోసేవాడు. ఊళ్లు వదిలి పనికోసం వచ్చినవాళ్లకు సాయంత్రం కూర్చునే చోటు లేదని, రైలు గేటు పక్కన పాడుబడిన రేకుల షెడ్డు ఊడ్చి రాముడి పటం పెట్టాడు. మొదట వచ్చింది కూరగాయలమ్మే నారాయణమ్మ. తరువాత కిరాణా కొట్టు నగరేశ్వరరావు. ఆ షెడ్డులో నగరేశ్వరరావు కూడా సోములు చెమట చేతుల్లోంచే తాళాలు అందుకున్నాడు. చందాలు పోగై, గ్రానైటు పరిచిన మందిరం లేచాకే పీట వచ్చింది.

2016 కార్తీకంలో మందిరంలో మొదటి ఏకాహం పెట్టారు. రాత్రీ పగలూ రామనామం ఆగకూడదు. తాళాలు నేలను తాకకూడదు. వాటిని అందుకున్నవాడే నామం ఎత్తుకోవాలి. ముందురోజు సోములు కమిటీ పెద్ద నగరేశ్వరరావు దగ్గరికి వెళ్లాడు.

"సావుకారి బాబూ, రేపొక్క రోజూ పీట ఒగ్గేద్దురూ. షెడ్డులో లాగే సేతికి సెయ్యి."

"ఒరే సోములూ, నీకేటి తక్కువ సేసినాంరా? నాకైతే పట్టింపు లేదు. నలుగురూ ఉన్నారు కదా!"

షెడ్డులోనూ ఆ నలుగురే ఉండేవారు.

మర్నాడు మధ్యాహ్నం సోములు జట్టు వంతు ముగిసింది. మిగతావాళ్లు భోజనాలకు లేచారు. ఉపవాసంతో, ఒంటిమీద జ్వరంతో ఉన్న సోములు నామం ఆపకుండానే తరువాతి జట్టు మోహనకృష్ణకు తాళాలు చాచాడు. మోహనకృష్ణ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పీటేదిరా?"

పీట వంటశాలలో ఉంది. నారాయణమ్మ దాని మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఇక్కడ అరుపులు, వెతుకులాట. సోములు చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. నామం పలచబడింది, కానీ అతను ఆపలేదు. ఎవరో వచ్చి పీట లాగబోయేసరికి నారాయణమ్మ సంగతి తెలుసుకుని మందిరంలోకి పరుగు తీసింది.

"ఓలమ్మో, రాముడి పేరు అందుకోడానికి పీట కావాలేటిరా? సేతులేటి, పడిపోనాయా మీకు?"

ఆమె చేరేలోపే సోములు కూలిపోయాడు. తాళాలు గ్రానైటు మీద ఖంగుమన్నాయి. మందిరంలో నామం ఆగిపోయింది.

ఏకాహం భంగం చేసింది సోములేనని కమిటీ తేల్చింది. నేల కడిగించి, మళ్లీ మొదలుపెట్టింది. అతన్ని గడప తొక్కవద్దంది. ఆస్పత్రి నుంచి వచ్చాక సోములు బస్తా ఎత్తలేకపోయాడు. మందిరం మైకు మోగితే తలుపు వేసుకునేవాడు. వేసవి రాకుండానే పోయాడు. పాడె వెంట భజన చేస్తూ నడిచింది నారాయణమ్మ ఒక్కతే. తాళాలు మందిరంలో ఉండిపోయాయి కనుక చప్పట్లు కొడుతూ పాడింది.

మీ ఊళ్లోనూ ఏకాహం జరుగుతుంది. అక్కడ ఇలాంటి పీట ఉందేమో చూడండి. ఉంటే, ఎవరికోసం వేశారో నోరు తెరిచి చెప్పమని అడగండి. నలుగురి మీదకు నెట్టేస్తారు. ఆ నలుగురిలో మీరూ ఉన్నారు. మీ వంతు రాగానే పీటను పక్కకు తోసి, ఎదుటి మనిషి చేతిలోంచి తాళాలు అందుకోండి.