ఎండాకాలంలో పొంగిన వాగు

నా చిన్నప్పుడు మా ఊరి వాగు ఏటా నడివేసవిలో ఒకసారి పొంగేది. అందులో చుక్క నీరుండేది కాదు. మామిడికాయల బళ్ళు ఇసుకలో దర్జాగా దాటిపోతుండేవి. అయినా పొంగేది. పొంగించేది మా నాయనమ్మ.

నేను పుట్టకముందు ఒక వానాకాలం వాగు నిజంగానే పొంగి, నూజివీడు దారి తెగిపోయి, ఊరంతా ఉప్పుకీ అగ్గిపుల్లకీ కటకటలాడారట. అప్పటినుంచి ఆవిడ, వానలు రాకముందే ఒకరోజు పొద్దున్నే వాకిట్లో నిలబడి, వాగు పొంగిందని ప్రకటించేది. ఇక దీపాలు పెట్టేవేళ దాకా అవతలి కొట్టుకి వెళ్ళకూడదు, అవతలి నుంచి వచ్చింది ఏదీ కొనకూడదు. ఇంట్లోనూ ఊళ్ళోనూ ఉన్నదాంతోనే గడవాలి. ఏది లేదో కనిపెట్టడం పిల్లల పని.

ఆ ఏడు ఉప్పు లేదని కనిపెట్టింది నేనే. ఉన్నదంతా కొత్త మాగాయకి పోసేశారు. నాయనమ్మ ఏమాత్రం కంగారుపడకుండా, మాగాయ ముక్కల్లో ఊరిన ఉప్పటి ఊట తీసి పప్పులో కలిపింది. అగ్గిపెట్టె కూడా ఖాళీయే. పొయ్యిలోకి నిప్పు, పక్కింటి పిన్ని పాలు కాచుకునే దాలిగుంటలోంచి నేనే పిడక మీద తెచ్చాను. నా గొప్ప చెప్పనలవి కాదు.

అంతలో ఐసుబండి బూర మోగింది. సైకిలు మీద డబ్బా పెట్టుకుని నూజివీడు నుంచి వచ్చే ఆయన, ఈసారి సేమ్యా ఐసు తెస్తానని నాకు మాటిచ్చి వెళ్ళాడు. నేను పరుగెత్తబోతే నాయనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అవతలి సరుకు, కుదరదంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే ఒక సంగతి తట్టింది.

"వాగు పొంగితే ఆయన మాత్రం ఇంటికెలా వెళ్తాడు నాయనమ్మా? ఇవతలే చిక్కుకుపోయాడుగా, పాపం."

నాయనమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇన్నేళ్ళుగా పొంగిస్తున్నాను, చిక్కుకున్నవాళ్ళని లెక్కలో వేసుకోనే లేదే."

ఆయన్ని పిలిచి, అరుగు మీద ఆకేసి, మా అందరికన్నా ముందు వడ్డించింది. పాపం, ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో ఏదైనా శుభకార్యమాండీ అని అడిగాడు. వాగు పొంగింది నాయనా, మొహమాటపడకు అంది నాయనమ్మ. ఎండిన వాగు వైపు ఓసారి చూసి, ఆయన పప్పన్నం కలుపుకుని తినేశాడు. లేస్తూ నా చేతిలో సేమ్యా ఐసు పెట్టాడు. కొన్నది కాదుగా, నాయనమ్మ కూడా అడ్డం రాలేదు. అంత కమ్మటి ఐసు మళ్ళీ తినలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. మొన్నటి వానలకి నీళ్ళు వంతెన మీద నుంచే పారాయి. మా కోడలు టార్చిలైటు, మందులు, గ్యాసు, ఫోను చార్జింగు అన్నీ సరిచూసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఎసట్లో ఇంకాసిని బియ్యం పోశాను. ఎవరికి అత్తయ్యగారూ అని అడిగింది.

"ఇంకా తెలీదమ్మా. వంతెన దగ్గర ఎవరు ఆగిపోయారో చూసి, పిలుచుకు రా."